పలాస జీడిపప్పు లాట్ల నమోదుకి ఏ బ్లాక్‌చెయిన్? ఈ టీపీఎస్ (సెకనుకి లావాదేవీలు) అంకెల్లో ఏది నమ్మాలి?

చంపావతి_శ్రీను (విజయనగరం)

అందరికీ నమస్కారం. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు, నలుగురం కలిసి చేస్తున్నాం. పలాస–కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో తయారయ్యే ప్రతి లాటుకీ తేదీ, బరువు, గ్రేడు (డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 వగైరా), తేమ శాతం నమోదు చేస్తాం. కొన్నవాళ్లు డబ్బా మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ వివరాలు తరవాత ఎవరూ మార్చలేదని రుజువు కావాలి. ఆలోచన ఇంతే.

మా గైడు మేడమ్ ముందు ఒక పట్టిక అడిగారు: నాలుగైదు నెట్‌వర్కులు, మూడు గడులు. స్కేలబిలిటీ (ఎంత లోడు మొయ్యగలదు), వికేంద్రీకరణ, డెవలపర్ల కదలిక. చిక్కంతా అక్కడే వచ్చింది. సొలానాకి ఒక చోట 65,000 టీపీఎస్ అని ఉంది, ఇంకో చోట 4,000 అని, మరో చోట వెయ్యి లోపే. ఇథీరియంకి 15 అని కొందరు, 100 దాటిందని కొందరు. వికేంద్రీకరణకి ఒకరు వాలిడేటర్ల (బ్లాకులని సరిచూసి ఖాయం చేసేవాళ్ల) సంఖ్య వేస్తారు, ఒకరు నకమోటో గుణకం అంటారు. గిట్‌హబ్ కమిట్లు (కోడులో చేసిన మార్పులు) లెక్కపెడితే ఊరూ పేరూ లేని చెయిన్లు కూడా పైకి తేలుతున్నాయి.

లోడు పైఅంచనా: 200 యూనిట్లు, యూనిట్‌కి రోజుకి 30 లాట్లు. ఏ అంకెలు వెయ్యాలి, ఎలా కొలవాలి, చివరికి ఏది ఎంచుకోవాలి?

నాగావళి

పట్టికకి ముందు మీ లోడు లెక్క కట్టండి. 200 × 30 = రోజుకి 6,000 నమోదులు. ఫ్యాక్టరీ 8 గంటలు నడిచిందనుకుంటే 28,800 సెకన్లు. సెకనుకి 0.21 లావాదేవీ, అంటే అయిదు సెకన్లకి ఒకటి. బిట్‌కాయిన్ ఒక్కటే, సెకనుకి 7 దగ్గర ఆగిపోయేది, దానికి కూడా ఇది బరువు కాదు. కాబట్టి మీ ప్రాజెక్టులో టీపీఎస్ గడి ఎంపికని తేల్చదు. ఖర్చూ, ఖాయమవడానికి పట్టే సమయమూ తేలుస్తాయి. అయినా మేడమ్ అడిగారు కాబట్టి ఆ అంకెలు ఎక్కణ్ణుంచి పుడుతున్నాయో చెప్తాను.

ఇథీరియం సామర్థ్యాన్ని లావాదేవీల్లో కాదు, గ్యాస్‌లో (ఒక్కో పనికి పట్టే లెక్కింపు శ్రమకి కొలత) కొలవాలి. బ్లాకు పరిమితి చాలాకాలం 3 కోట్ల గ్యాస్. 2025 ఫిబ్రవరిలో 3.6 కోట్లకి, జులైలో 4.5 కోట్లకి, నవంబరులో 6 కోట్లకి పెరిగింది. 12 సెకన్లకి ఒక స్లాటు, అంటే ఒక బ్లాకుకి ఇచ్చే సమయం. మామూలుగా ఈథర్ (ఇథీరియం నాణెం) ఒకరి నుంచి ఒకరికి పంపితే 21,000 గ్యాస్. 6 కోట్లని 21,000తో భాగిస్తే 2,857, దాన్ని 12తో భాగిస్తే 238 టీపీఎస్. టోకెన్ బదిలీకి సుమారు 65,000 గ్యాస్ వేసుకుంటే అదే బ్లాకులో 77 టీపీఎస్. అంతకన్నా బరువైన కాంట్రాక్టు (చెయిన్ మీద నడిచే ప్రోగ్రాము) పిలుపులే నిండితే ఇంకా తక్కువ. చెయిన్ ఒక్కటే, వేసే పనిని బట్టి అంకె మారింది. మీరు చూసిన 15, పాత పరిమితి రోజుల్లో కలగాపులగం లావాదేవీల మీద వచ్చిన సగటు. రెండూ అబద్ధాలు కావు, ఏ తేదీన ఏ పని మీద కొలిచారో రాయకపోవడమే తప్పు.

సొలానా సంగతి వేరు. అక్కడ వాలిడేటర్లు వేసే ఓట్లు కూడా లావాదేవీలుగానే చెయిన్‌లోకి ఎక్కుతాయి. మొత్తం టీపీఎస్ అని చూపించే దాంట్లో ఎక్కువ భాగం ఆ ఓట్లే. అందుకే ఒకే రోజు ఒక సైటు వేలల్లో చూపిస్తే, ఓట్లు తీసేసి లెక్కించే సైటు అందులో కొంతే చూపిస్తుంది. మిగిలినవాటిలోనూ విఫలమైనవి ఉంటాయి. రుసుము కట్టించుకుని బ్లాకులో చేరతాయి గానీ పని జరగదు. పట్టికలో వేసేటప్పుడు ఓట్లు తీసేసి, విఫలమైనవి కూడా తీసేసి వెయ్యండి. ఆ 65,000 పరీక్షల అంకె. షోరూం వాడు చెప్పిన మైలేజీ అనుకోండి, పలాస సంతరోజు ట్రాఫిక్‌లో బండి అంత ఇవ్వదు.

టీపీఎస్ పక్కన తప్పకుండా ఇంకో గడి పెట్టండి, ఫైనాలిటీ. అంటే రాసింది ఇక వెనక్కి పోదని ఖాయమయ్యే సమయం. ఇథీరియంలో 32 స్లాట్లు ఒక ఎపాక్, రెండు ఎపాక్‌లు గడవాలి: 64 × 12 = 768 సెకన్లు, 12.8 నిమిషాలు. సొలానాలో పూర్తిగా ఖాయం అనిపించుకోవడానికి 32 స్లాట్లు, స్లాటు 0.4 సెకను: 12.8 సెకన్లు. అంకె ఒకటే, నిమిషాలూ సెకన్లూ తేడా. రాసేటప్పుడు పొరపడకండి.

రోలప్‌లు అంటే లావాదేవీలు బయట నడిపి డేటాని ఇథీరియంలో పడేసే చెయిన్లు, బేస్, ఆర్బిట్రమ్ లాంటివి. వాటిలో ఫైనాలిటీకి మూడు అంతస్తులు. సీక్వెన్సర్ (లావాదేవీల వరస కట్టే యంత్రం) “అందింది” అని చెప్పడం బేస్‌లో 2 సెకన్ల లోపే, ఆర్బిట్రమ్‌లో పావు సెకను. ఆ డేటా ఇథీరియంలో పడి ఖాయమవడం నిమిషాల పని. డబ్బు కిందకి, అంటే ఇథీరియంలోకి దించుకోవాలంటే ఆప్టిమిస్టిక్ రోలప్‌లలో 7 రోజుల ఆగుదల. మీకు డబ్బు కదలదు కాబట్టి మూడోది అక్కర్లేదు, రెండోదే మీ ఫైనాలిటీ.

ఉద్దానం కొబ్బరి

నాగావళి గారు సెప్పినయన్నీ బాగున్నాయి. అయినా కుర్రోళ్లకి ఇంత లెక్కెందుకండీ, పాలిగాన్ ఎట్టేస్తే సరిపోద్ది గదా. చవక, మనోళ్లు కట్టింది, ఇథీరియం భద్రత దాని కిందే ఉంటాది.

నాకు దిగులు ఇంకోచోట ఉంది. జీడి పని తెలిసినోడిగా ఒక మాట బాబూ. మీరు “లాటు” అంటున్నారు గానీ ఫ్యాక్టరీలో లాటు మొదట్నుంచి చివర దాకా ఒక్కటిగా ఉండదు. పిక్కలు 80 కేజీల బస్తాల్లో వస్తాయి, ఉద్దానం సరుకు కొంత, ఆఫ్రికా నుంచి దిగినవి కొంత. ఉడకబెట్టి, పగలగొట్టి, ఆరబెట్టి, పొట్టు తీసి గ్రేడింగ్ బల్ల మీదకి వచ్చేసరికి నాలుగు బస్తాలది ఒక కుప్పవుద్ది. ఆ కుప్ప మళ్లీ 240, 320, బద్ద, ముక్క అని విడిపోద్ది. ఒక బస్తాకి ఒక డబ్బా అని డేటాబేస్ రాస్తే మొదటి వారంలోనే పనోళ్లు నోటికొచ్చిన అంకెలు ఎక్కించేస్తారు.

ఇంకోటి, బరువు సరి చూసుకునే దారి ఈ వ్యాపారంలోనే ఉంది. 80 కేజీల బస్తాకి ఎన్ని పౌన్ల పప్పు దిగిందన్నదే దిగుబడి కొలత. 45 నుంచి 50 పౌన్లంటే మామూలు సరుకు, అంటే 20.4 నుంచి 22.7 కేజీలు. 10 బస్తాలు లోపలికెళ్లి 300 కేజీల పప్పు బయటికొచ్చిందని ఎవడైనా రాస్తే మీ ప్రోగ్రామే పట్టెయ్యాల. 320 అన్నది కూడా గుర్తెట్టుకోండి, పౌనుకి 300 నుంచి 320 గింజలు తూగాల. అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నది.

టెక్కలి నోడ్

కొబ్బరి గారూ, జీడి లెక్క బంగారం. పాలిగాన్ మాట మాత్రం సరిచెయ్యాలి. పాలిగాన్ పీఓఎస్ రోలప్ కాదు. దానికి సొంత వాలిడేటర్లున్నారు, వంద చిల్లర మంది. ఇథీరియంలో అది చెక్‌పాయింట్లు (తన చరిత్ర సారాంశాలు) మాత్రం దాఖలు చేస్తుంది. ఆ వాలిడేటర్లలో మూడింట రెండొంతుల వాటా చేతులు కలిపితే ఇథీరియం అడ్డుపడదు. 2023 ఫిబ్రవరిలో అక్కడ 157 బ్లాకుల లోతున రీఆర్గ్ జరిగింది, అంటే అయిదు నిమిషాల పైచిలుకు చరిత్ర తిరగరాసుకుంది. 2025లో ఫైనాలిటీని సెకన్లలోకి తెచ్చారు, అది నిజమైన మెరుగే. చవక కూడా నిజమే. “ఇథీరియం భద్రత” అని మాత్రం పట్టికలో రాయొద్దు, వైవాలో అడిగితే చిక్కుతారు.

తమ్ముడూ శ్రీనూ, వికేంద్రీకరణ గడికి ఒక్క అంకె చాలదు. నేనైతే నాలుగు ప్రశ్నలు వేసి, ఒక్కోదానికి ఒక వాక్యం రాస్తాను.

మొదటిది, ఎంతమంది కలిస్తే చెయిన్ ఆగుతుంది? ఇదే నకమోటో గుణకం. 2017లో బాలాజీ శ్రీనివాసన్, లీలాండ్ లీ ప్రతిపాదించిన కొలత. ప్రూఫ్ ఆఫ్ స్టేక్ చెయిన్లలో (నాణేలు తాకట్టు పెట్టినవాళ్లు బ్లాకులు ఖాయం చేసేవి) మూడో వంతు వాటా దాటితే ఫైనాలిటీని ఆపొచ్చు. పెద్ద వాటాదారు నుంచి కిందికి కూడుకుంటూ 33.4 శాతం దాటేసరికి ఎంతమంది అయ్యారో చూడండి. సొలానాకి 20 అటూఇటూ వస్తుంది. ఇథీరియంకి పది లక్షల వాలిడేటర్లని గొప్పగా రాస్తారు, అవి తాళంచెవులే తప్ప మనుషులు కారు. 32 ఈథర్ల చొప్పున ఒకే సంస్థ వేలల్లో పెడుతుంది. 2025 మేలో పెక్ట్రా అప్‌గ్రేడ్ వచ్చాక ఒక్క వాలిడేటరే 2,048 ఈథర్ల దాకా మొయ్యొచ్చు, కాబట్టి ఆ సంఖ్య తగ్గినా వికేంద్రీకరణ తగ్గినట్టు కాదు. ఇంకో మెలిక. లైడోని (చాలామంది ఈథర్లని కలిపి తాకట్టు పెట్టే సేవ) ఒక్క సంస్థగా లెక్కిస్తే ఇథీరియం గుణకం రెండు మూడుకి పడిపోతుంది. దాని కింద విడివిడిగా పనిచేసే ఆపరేటర్లు చాలామంది ఉన్నారని లెక్కిస్తే అంకె పెరుగుతుంది. ఏ పద్ధతి వాడారో కింద రాయండి. బీఎన్‌బీ చెయిన్‌కి చురుకైన వాలిడేటర్లు 45, ట్రాన్‌కి 27. అక్కడ మెలికలేమీ లేవు, పరిమితి డిజైన్‌లోనే ఉంది. బిట్‌కాయిన్‌కి మైనింగ్ పూళ్లు (మైనర్ల గుంపులు) చూడండి, రెండు మూడు పెద్దవి కలిస్తే సగం దాటుతుంది. పూలులో చేరిన మైనర్లు వేరే పూలుకి మారిపోగలరన్నది దానికున్న ఊరట.

రెండోది, ఎన్ని రకాల సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది? దీన్ని జనం పట్టించుకోరు గానీ చెయిన్లు నిజంగా ఆగింది దీనివల్లే. 2024 ఫిబ్రవరి 6న సొలానా సుమారు 5 గంటలు ఆగింది. ప్రోగ్రాముల కాష్‌లో ఒక బగ్, ఒకే ప్రోగ్రామును మళ్లీమళ్లీ కంపైల్ చేసుకుంటూ తిరిగింది. దాదాపు అందరూ ఒకే కోడు నడుపుతుండటంతో అందరూ ఒకేసారి పడ్డారు. మళ్లీ లేపాలంటే 80 శాతం వాటా ఒకచోట కూడి పునఃప్రారంభించాలి. ఫైర్‌డ్యాన్సర్ అనే రెండో క్లయింటు (నోడు నడిపే సాఫ్ట్‌వేర్) కోసం అంతగా ఎదురుచూసింది అందుకే. ఇథీరియంలో 2023 మేలో కొన్ని క్లయింట్లు లోడుకి చతికిలబడ్డాయి. ఫైనాలిటీ కాసేపు నిలిచింది గానీ మిగతా క్లయింట్ల వల్ల బ్లాకులు రావడం ఆగలేదు. లావాదేవీలు నడిపే క్లయింట్లు గెత్, నెదర్‌మైండ్, బెసు, రెత్, ఎరిగాన్ ఒక పక్క, ఏకాభిప్రాయం తేల్చే లైట్‌హౌస్, ప్రిజమ్, టెకు, నింబస్, లోడ్‌స్టార్ ఇంకో పక్క. ఏ ఒక్కటీ మూడో వంతు దాటకపోతే దాని బగ్ వల్ల ఫైనాలిటీ ఆగదు. మూడింట రెండొంతులు దాటితే తప్పుడు చెయినే ఖాయమైపోయే ప్రమాదం.

మూడోది, యంత్రాలు ఎవరి గదుల్లో ఉన్నాయి? 2022 నవంబరులో హెట్జ్‌నర్ అనే జర్మనీ హోస్టింగ్ సంస్థ తన నిబంధనల ప్రకారం సొలానా నోడ్లని మూసేసింది. ఒక్క పూటలో వందలాది వాలిడేటర్లు మాయం. నెట్‌వర్కు నిలబడింది, పాఠం మాత్రం మిగిలింది.

నాలుగోది, మామూలు మనిషి నోడు నడపగలడా? ఇథీరియం నోడుకి 4 టీబీ ఎన్‌వీఎంఈ, 32 జీబీ ర్యామ్, నిలకడైన 50 ఎంబీపీఎస్ లైను పెట్టుకుంటే ఇబ్బంది లేదు. డీర్యామ్ లేని చవక ఎస్‌ఎస్‌డీ కొంటే సింక్ ఎప్పటికీ తాజా బ్లాకుకి అందదు. వేగం తక్కువై కాదు, చిన్నచిన్న రాతలు ఆగకుండా పడటం వల్ల. మన జిల్లాల్లో ఇంటి ఫైబర్ కనెక్షన్లు చాలావరకు సీజీనాట్ (ఒకే బయటి ఐపీని చాలామందికి పంచడం) వెనక ఉంటాయి. 30303, 9000 పోర్టులు తెరిచామనుకున్నా బయటివాళ్లు లోపలికి రాలేరు, పీర్లు (మనతో కలిసే ఇతర నోడ్లు) తక్కువగా కనిపిస్తారు. విడి ఐపీ అడిగి తీసుకోవాలి. 2018 అక్టోబరు తిత్లీలాంటి తుఫాను కొట్టి రోజుల తరబడి కరెంటు పోతే ఏమవుతుందని అడుగుతారు. ఇథీరియం వాలిడేటరుకి ఆ రోజుల్లో కోత సుమారుగా మామూలు రోజుల్లో వచ్చే రాబడి అంత. దివాలా తియ్యదు. కరెంటు వచ్చేలోపు కంగారుపడి అదే తాళంచెవి ఇంకో చోట నడిపి, పాత యంత్రం కూడా లేస్తే అది స్లాషింగ్, అంటే తాకట్టులో కోత వేసి బయటికి పంపే శిక్ష. ఇళ్లలో నడిపేవాళ్లకి ముప్పు అక్కడుంది.

సొలానాకి 12 కోర్లు, 256 జీబీ ర్యామ్ కనీసం, అది ఇంట్లో అయ్యే పని కాదు. పైగా ఓట్ల రుసుము. ఓటుకి 5,000 ల్యాంపోర్టులు (సోల్ అనే సొలానా నాణెంలో వంద కోట్లో వంతు ఒకటి), రోజుకి 2,16,000 స్లాట్లు: 1.08 సోల్. ఏడాదికి దగ్గర దగ్గర 400 సోల్ కేవలం ఓట్లకే. చిన్న వాలిడేటర్లు తప్పుకుంటూ రావడానికి ఇదో పెద్ద కారణం. ఓట్లని చెయిన్ బయటికి తీసే ఆల్పెన్‌గ్లో మార్పుకి 2025 సెప్టెంబరులో వాలిడేటర్లు ఆమోదం తెలిపారు. అది అమలైతే నాగావళి గారు చెప్పిన టీపీఎస్ గోల కూడా తీరుతుంది.

రోలప్‌లకి ఈ నాలుగూ కాదు, ఒక్కటే అడగాలి: సీక్వెన్సర్ పడుకుంటే? బేస్, ఆర్బిట్రమ్, ఆప్టిమిజం మూడూ ఒక్కొక్క సీక్వెన్సర్ మీదే నడుస్తున్నాయి. ఆర్బిట్రమ్ 2023 డిసెంబరు 15న గంటకి పైగా ఆగింది. బేస్ 2025 ఆగస్టు 5న 33 నిమిషాలు ఆగింది, ప్రధాన సీక్వెన్సర్ నుంచి బదిలీ అయిన ప్రత్యామ్నాయం పూర్తిగా సిద్ధమై లేకపోవడం వల్ల. సీక్వెన్సర్ కావాలని మిమ్మల్ని పక్కనపెడితే ఇథీరియం నుంచి బలవంతంగా దూర్చే దారి ఉంది. ఓపీ స్టాక్‌లో (ఆప్టిమిజం కోడు) 12 గంటలు, ఆర్బిట్రమ్‌లో 24 గంటల దాకా. రోలప్‌లని అంచనా కట్టే ఎల్‌2బీట్ సైటులో ఇచ్చే స్టేజీ 0, 1, 2 ముద్రలు ఈ దారులు ఎంత గట్టివో చెప్తాయి. పట్టికలో రోలప్‌కి వాలిడేటర్ల సంఖ్య వెయ్యకండి, ఆ ముద్ర వెయ్యండి.

ఫోర్ట్ సిటీ

డెవలపర్ల గడి నాకొదిలెయ్యండి.

కమిట్ల సంఖ్య వాడొద్దు. ఇథీరియం క్లయింటును ఫోర్క్ చేసి (కోడు కాపీ తీసుకుని) పేరు మార్చుకున్న ప్రతి చెయినూ గెత్ పదేళ్ల చరిత్రని తనదిగా చూపించుకుంటుంది. లైబ్రరీ వెర్షన్లు మార్చే బాట్ల కమిట్లు వేరే. నక్షత్రాలు, ఫోర్కుల సంఖ్య ఎయిర్‌డ్రాప్ (ఉచితంగా పంచే టోకెన్లు) ఆశతో కూడా పెరుగుతాయి. ఎలక్ట్రిక్ క్యాపిటల్ ఏటా వేసే నివేదిక కొంత మేలు, ఫోర్కుల నుంచి కాపీ అయిన కమిట్లు తీసేసి మనుషుల్ని లెక్కిస్తుంది. నెలలో 10 రోజులు, ఆపైన కోడు రాసినవాళ్లే పూర్తికాలం లెక్కలోకి వస్తారు. 2024లో కొత్తగా ఈ రంగంలోకి వచ్చిన డెవలపర్లు మిగతా ఏ దేశం కన్నా ఎక్కువమంది మన దేశం నుంచే అని తేల్చింది కూడా ఆ నివేదికే. దాని లోపమల్లా ఒకటే, బయటికి కనిపించే కోడు మాత్రమే లెక్క. హైపర్‌లెడ్జర్ ఫాబ్రిక్ (అనుమతి ఉన్న సంస్థల మధ్యే నడిచే ప్రైవేటు బ్లాక్‌చెయిన్) మీద బ్యాంకుల్లో, ప్రభుత్వాల్లో జరిగే పని అందులో కనబడదు.

మీరే కొలవాలంటే ఇలా చెయ్యండి. ప్రతి నెట్‌వర్కుకీ మూడు రిపాజిటరీలే తీసుకోండి: ప్రధాన క్లయింటు, కాంట్రాక్టు భాష కంపైలరు, జనం ఎక్కువ వాడే టూల్. గత 180 రోజులకి గిట్ షార్ట్‌లాగ్ తియ్యండి, మెర్జ్ కమిట్లు వదిలెయ్యండి, బాట్ పేర్లు కొట్టెయ్యండి. మిగిలిన రచయితల్లో సగం కమిట్లు ఎంతమంది చేతుల్లో ఉన్నాయో చూడండి. ఇద్దరి చేతుల్లోనే ఉంటే కమిట్లు వేలల్లో ఉన్నా ఆ ప్రాజెక్టు బలహీనం. తరవాత ఇష్యూలు. చివరి 50లో మొదటి జవాబు ఎన్నాళ్లకి వచ్చిందో మధ్యస్థ విలువ తియ్యండి. విద్యార్థులకి అన్నిటికన్నా పనికొచ్చే అంకె అదే.

ఇంకో కొలత నాకు ముఖ్యం: పాత పాఠాలు ఎంత తొందరగా చెడిపోతున్నాయి? యూట్యూబ్ చూసి మొదలుపెడితే మీరు ఇక్కడే పడతారు.

కాంట్రాక్టులు రాసి పరీక్షించే పాత టూల్స్ ట్రఫుల్, గనాష్‌లకి 2023 సెప్టెంబరులోనే వీడ్కోలు ప్రకటన వచ్చింది. ఫౌండ్రీ గానీ హార్డ్‌హ్యాట్ గానీ వాడండి. పాలిగాన్ ముంబై టెస్ట్‌నెట్ (పరీక్షల నెట్‌వర్కు) 2024 ఏప్రిల్‌లో పోయింది, ఇప్పుడు ఆమోయ్, చెయిన్ ఐడీ 80002. రాప్‌స్టెన్, రింకిబీ, గోర్లీ అన్నీ పోయాయి. కాంట్రాక్టులకి సెపోలియా, ఐడీ 11155111. బేస్ సెపోలియా 84532.

ఇథీరియం కాంట్రాక్టుల భాష సాలిడిటీలో 0.8.20 నుంచి కంపైలరు మామూలుగానే పుష్0 అనే ఆప్‌కోడ్ వాడుతుంది. దాన్ని ఇంకా చేర్చని చెయిన్‌లో కాంట్రాక్టు ఎక్కిస్తే “చెల్లని ఆప్‌కోడ్” అని పడిపోతుంది, గ్యాస్ పెంచినా పనవదు. కంపైలరు సెట్టింగులో ఈవీఎం (ఇథీరియం కాంట్రాక్టులు నడిపే యంత్రం) వెర్షన్ “పారిస్” అని పెడితే పోతుంది. “ఈవీఎంకి అచ్చంగా సరిపోతుంది” అని చెప్పుకునే చెయిన్లని పరీక్షించడానికి ఇదే మొదటి మెట్టు.

సొలానాలో అయితే రస్ట్ భాష, ఆంకర్ ఫ్రేమ్‌వర్కు. ఆంకర్ వెర్షనూ సొలానా టూల్స్ వెర్షనూ రస్ట్ వెర్షనూ మూడూ కుదరకపోతే బిల్డ్ అవదు, మూడూ ఒక ఫైల్లో గట్టిగా రాసి పెట్టుకోండి. లావాదేవీ మొత్తం 1,232 బైట్లు దాటకూడదు. ఖాతా తెరిస్తే దాని సైజుని బట్టి కొంత సోల్ అందులో ఉండిపోవాలి. రోజుకి 6,000 ఖాతాలు తెరిస్తే రుసుము కన్నా ఆ నిల్వే ఎక్కువవుతుంది. నాలుగు నెలల ప్రాజెక్టుకి, రస్ట్ రానివాళ్లకి, నేనైతే సొలానా చెప్పను. చెడ్డదని కాదు, మీ నలుగురి కాలం దానికే పోతుంది.

చంపావతి_శ్రీను (విజయనగరం)

అందరికీ ధన్యవాదాలు. కొబ్బరి గారూ, కుప్ప సంగతి మాకు అసలు తట్టలేదు. బస్తాలు, కుప్పలు, డబ్బాలు మూడు వేరు పట్టికలు చేస్తున్నాం.

రెండు సందేహాలు మిగిలాయి. ప్రైవేటు ఫాబ్రిక్ నెట్‌వర్కు పెడితే రుసుమే ఉండదు కదా, అది మేలు కాదా? పబ్లిక్ చెయిన్ అయితే 6,000 నమోదులూ రోజూ రాయాలా, రోజుకొక్కటి రాస్తే చాలా?

నాగావళి

ఫాబ్రిక్ మంచిదే, ఒక షరతు మీద. పీర్లు (లెడ్జర్ కాపీ ఉంచే యంత్రాలు) వేరువేరు యజమానుల దగ్గర ఉండాలి. ఫ్యాక్టరీల సంఘం ఒకటి, కొనుగోలుదారు ఒకటి, తనిఖీ చేసేవాళ్లు ఒకటి, ఎవరి యంత్రం వాళ్లు నడపాలి. నాలుగు పీర్లూ మీ కాలేజీ సర్వరులో పెట్టి నాలుగు సంస్థలని పేర్లు పెడితే, అది నెమ్మదిగా నడిచే డేటాబేస్. రాఫ్ట్ పద్ధతిలో 3 ఆర్డరర్లుంటే (లావాదేవీల వరస కట్టే యంత్రాలు) ఒకటి పడినా నడుస్తుంది, 5 ఉంటే రెండు పడినా నడుస్తుంది. కానీ అది పడిపోయే యంత్రాలనే తట్టుకుంటుంది, అబద్ధమాడే యంత్రాన్ని కాదు. దానికి 3.0 వెర్షన్‌లో వచ్చిన బీఎఫ్‌టీ ఆర్డరింగ్ కావాలి, కనీసం 4 ఆర్డరర్లు. ఇక విద్యార్థుల ఫాబ్రిక్ ప్రాజెక్టులు ఎక్కువగా చచ్చేది రెండు చోట్ల. మొత్తం స్టాకు బరువుని ఒకే కీలో పెట్టి ఇద్దరు ఒకేసారి మారిస్తే, ఒకే బ్లాకులో రెండోది ఎంవీసీసీ రీడ్ కాన్‌ఫ్లిక్ట్ అని చెల్లకుండా పోతుంది. ప్రతి నమోదుకీ వేరే కీ ఇచ్చి, మొత్తాలు చదివేటప్పుడు కూడుకోండి. రెండోది, ఫాబ్రిక్ సీఏ ఇచ్చే సర్టిఫికెట్ల గడువు మామూలుగా ఒక ఏడాది. ఏడాది తరవాత ఒక ఉదయం నెట్‌వర్కు మొత్తం కదలదు.

కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో తెచ్చిన విశ్వస్య బ్లాక్‌చెయిన్ స్టాక్ కూడా అనుమతి ఉన్నవాళ్లకే తెరుచుకునే పద్ధతిలోదే. భువనేశ్వర్, పుణె, హైదరాబాద్ ఎన్‌ఐసీ డేటా సెంటర్లలో నడుస్తుంది. మీ పట్టికలో ఒక వరుస దానికి ఇవ్వండి, మేడమ్ సంతోషిస్తారు.

మీ పనికి నా ఓటు మాత్రం ఇలా: డేటా మామూలు పోస్ట్‌గ్రెస్‌లో, రోజుకొక్క ముద్ర పబ్లిక్ చెయిన్‌లో. విడిగా రాస్తే ఎంతవుతుందో చూడండి. లావాదేవీకి 21,000, కొత్త స్టోరేజీ గడికి 22,100, లాగ్, డేటా కలిపి సుమారు 50,000 గ్యాస్. 6,000 నమోదులకి 30 కోట్ల గ్యాస్, రోజూ ఇథీరియం 5 బ్లాకులు మీరే నింపాలి. అదే 6,000 హ్యాష్‌లని (నమోదుల డిజిటల్ వేలిముద్రలు) జతలుగా కలుపుతూ మెర్కిల్ చెట్టుగా కట్టి, చివరికి మిగిలే ఒక్క హ్యాష్ అయిన వేరు ఒక్కటే రాస్తే రోజుకి 50,000 గ్యాస్, అంతే. గ్యాస్ ధర 1 గ్వెయ్ (ఈథర్‌లో వంద కోట్లో వంతు) ఉన్న రోజు అది 0.00005 ఈథర్, 20 గ్వెయ్ ఉన్న రోజు 0.001 ఈథర్. రోలప్‌లో ఇంకా తక్కువ. ఒక డబ్బాని రుజువు చెయ్యడానికి 13 హ్యాష్‌లు చాలు, 416 బైట్లు. వాటిని క్యూఆర్‌లో ఇరికించకండి, డబ్బా నంబరు మాత్రం పెట్టి రుజువు సర్వరు నుంచి ఇవ్వండి. రుజువుల కాపీ కొనుగోలుదారు దగ్గర కూడా ఉండాలి, మీ సర్వరు పోతే వేరు ఒక్కటే మిగిలి లాభం లేదు. డేటాని బ్లాబ్‌లలో (రోలప్‌ల కోసం ఇథీరియం ఇచ్చే తాత్కాలిక నిల్వ) పెట్టి చవకగా కానిద్దామన్న ఆలోచన వస్తే మానుకోండి, బ్లాబ్‌లని నోడ్లు సుమారు 18 రోజులే ఉంచుతాయి.

హ్యాష్ దగ్గర తప్పులు ఎక్కువ జరుగుతాయి, ముఖ్యంగా తెలుగు డేటాతో. “రైతు” అన్న మాటలో ఐత్వం యూనికోడ్‌లో రెండు రకాలుగా రావచ్చు, ఒకే సంకేతంగానూ, ఎత్వం కింద ఐత్వపు గుర్తు కలిపి రెండుగానూ. కంటికి ఒకటే, హ్యాష్ వేరు. హ్యాష్ చేసే ముందు ఎన్‌ఎఫ్‌సీకి (యూనికోడ్‌లో అన్నిటినీ ఒకే రూపానికి తెచ్చే పద్ధతి) మార్చండి. “బ్లాక్‌చెయిన్”లాంటి మాటల్లో పొల్లు తరవాత కనిపించకుండా ఉండే జడ్‌డబ్ల్యూఎన్‌జే గుర్తు ఎన్‌ఎఫ్‌సీతో పోదు, దాన్ని విడిగా తీసెయ్యాలి. బరువు 22.70 అని దశాంశాల్లో వద్దు, 22700 గ్రాములని పూర్ణాంకంగా పెట్టండి. జేసన్ కీల వరుస స్థిరంగా ఉండాలి. ఫోన్ నంబర్లు, పేర్లు చెయిన్‌లోకి అసలు వద్దు. వట్టి ఫోన్ నంబరు హ్యాష్‌ని అన్ని పది అంకెల నంబర్లూ ప్రయత్నించి ఒక ల్యాప్‌టాప్ తేల్చేస్తుంది. ప్రతి నమోదుకీ 16 బైట్ల యాదృచ్ఛిక సాల్ట్ (ఎవరూ ఊహించలేని అదనపు డేటా) కలపండి. ఆకు హ్యాష్‌కీ లోపలి కణుపు హ్యాష్‌కీ తేడా తెలిసేలా ముందు ఒక బైటు వేరుగా పెట్టండి, లేకపోతే లోపలి కణుపునే ఆకుగా చూపించి దొంగ రుజువు తయారుచెయ్యొచ్చు. ఓపెన్‌జెప్లిన్ మెర్కిల్ లైబ్రరీ వాడితే ఆకుని రెండుసార్లు హ్యాష్ చేసి ఈ పని అదే చూసుకుంటుంది.

కొబ్బరి గారి దిగుబడి తనిఖీ కూడా చెయిన్ మీద కాదు, డేటా ఎక్కించే చోటే పెట్టండి. బస్తాకి 23 కేజీలు దాటితే ఆపి, తూకం వేసినవాళ్ల సంతకం అడగాలి. తప్పుడు తూకాన్ని ఏ చెయినూ పట్టదు, తరవాత మార్చకుండా మాత్రమే కాపాడుతుంది.

టెక్కలి నోడ్

ఒక్క చేర్పు. రోజుకొక్క ముద్రే అయితే ఓపెన్‌టైమ్‌స్టాంప్స్ కూడా పట్టికలో పెట్టండి. క్యాలెండర్ సర్వర్లు వేలమంది హ్యాష్‌లని ఒక చెట్టుగా కట్టి బిట్‌కాయిన్‌లో వేస్తాయి, మీకు రూపాయి ఖర్చు లేదు, వాలెట్ అక్కర్లేదు. స్టాంప్ చేసిన వెంటనే వచ్చే ఓటీఎస్ ఫైలు అసంపూర్ణం, కొన్ని గంటల తరవాత అప్‌గ్రేడ్ ఆదేశం ఇచ్చి పూర్తి రుజువు దించుకోవాలి. ఇది మరిచిపోతే క్యాలెండర్ సర్వరు ఉన్నన్నాళ్లే రుజువు. లోపం ఏంటంటే, ఈ రుజువు “ఈ డేటా ఈ సమయానికి ఉంది” అని చెప్తుంది గానీ ఎవరు వేశారో చెప్పదు. ఒకే రోజుకి రెండు వేర్వేరు వేర్లు వేసి నచ్చింది చూపించే మోసాన్ని కూడా ఆపదు. కాంట్రాక్టులో అయితే తేదీకి ఒక్క వేరే అని నియమం రాసెయ్యొచ్చు.

అందుకని కాంట్రాక్టు బేస్‌లోనో ఆర్బిట్రమ్‌లోనో పెట్టి, అదే వేరుకి ఓపెన్‌టైమ్‌స్టాంప్ కూడా వేసుకోండి. ముద్ర వేసే తాళంచెవి ఒక్కరి ల్యాప్‌టాప్‌లో వద్దు, సేఫ్ మల్టీసిగ్‌లో (ఒకరికి మించి సంతకాలు అడిగే వాలెట్) 3లో 2 సంతకాలు పెట్టండి: సంఘానికి ఒకటి, కొనుగోలుదారుకి ఒకటి, కాలేజీకి ఒకటి. సీక్వెన్సర్ ఆగిన రోజు ముద్ర మర్నాడు పడుతుంది. కాబట్టి కాంట్రాక్టులో బ్లాకు సమయాన్ని నమోదు తేదీగా వాడకుండా, తేదీని విడి పారామీటరుగా తీసుకుని 48 గంటల వెసులుబాటు ఇవ్వండి.